ఫిరంగులు తీసెయ్, దుంప ఉంచు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. జర్మన్ రాజ్యం బవేరియా ఎవరికి దక్కాలని ఆస్ట్రియా, ప్రష్యా తగువుపడ్డ బవేరియా వారసత్వ యుద్ధం మీద తెలుగులో కథ రాయాలనుకున్నావు, బాగుంది. కానీ ఆ మహా సంగ్రామం ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు? ఫిరంగులు పేలాయట, గుర్రాలు కూలాయట, నెత్తురు ఏరులై పారిందట! 1778 జులైలో ప్రష్యా సైన్యం ఆస్ట్రియా ఏలుబడిలోని బొహీమియాలోకి దిగిందన్న మాటే గానీ, చిన్నాచితకా దాడులు తప్ప చెప్పుకోదగ్గ పోరు ఒక్కటీ జరగలేదు. ఎల్బ్ నదికి అటు ఆస్ట్రియావాళ్లు, ఇటు ప్రష్యా రాజు ఫ్రెడరిక్ మనుషులు, వారాల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. తిండి నిండుకుంది. చేలమీద పడి దుంపలు తవ్వుకున్నారు. ఆకలికీ, విరేచనాలకీ, జ్వరాలకీ వేలమంది పోయారు. అందుకే ప్రష్యన్లు దాన్ని బంగాళాదుంపల యుద్ధం అన్నారు. ఆస్ట్రియావాళ్లేమో ఆల్బకరా పళ్ల గొడవ అన్నారు. (మీవైపు ఆలుగడ్డ అంటారు కదా, అదే రాయి. నా కోసం మార్చకు.)

అలాంటి యుద్ధం మీద రాసిన కథలో ఆకలి వేసింది ఒక్కడికే. ఆ కుర్ర సిపాయి దుంపని లాగుకి తుడుచుకుని, ఆత్రంగా కొరికి, పంటికింద ఇసుక కరకరమంటే నమలడం ఆపేస్తాడు చూడు, అక్కడ నేనూ ఆగాను.

యుద్ధం గురించి రాసేవాళ్లు ముందు గిన్నెలోకి తొంగి చూడాలని నలభై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. నా మొదటి నవలలో ఓ కరువింట్లో సంకటి కెలకడం గురించి రెండు పేజీలు రాశాను. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, మధ్యాహ్నం రెండు అరటిపళ్లతో సరిపెట్టుకుంటూ రాసిన పేజీలవి. ఓ వారపత్రిక సంపాదకుడు 'వంటల శీర్షికకి పంపండి' అని తిప్పికొట్టాడు. తిరుగు టపా స్టాంపులు కూడా నావే! చివరికి లొంగిపోయి, ఆ పేజీలు పీకేసి, ఓ కొట్లాట పెట్టాను. వెంటనే వేశారు. ఆ సంచికలు ఇప్పటికీ విప్పను. ఇప్పటి పోటీలవాళ్లకి చివర్లో ట్విస్టు కావాలట, ఆ జబ్బు వేరు.

ట్విస్టే కావాలంటే ఆస్ట్రియా రాణి మారియా థెరీసా లేదూ? కొడుకు జోసెఫ్ సైన్యం దగ్గర ఉండగా, అతనికి చెప్పకుండా తుగూట్ అనే దూత చేత శత్రువుకి రాజీ కబురు పంపింది. అదీ ఎవరికి? 1740లో తన సైలీషియా ప్రాంతం మీద పడి లాక్కున్న ఫ్రెడరిక్‌కే! దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. ఉత్తరం రాసేటప్పుడు ఆవిడ తలుపు గడియ పెట్టుకుందా? ఎన్ని కాగితాలు చించింది? నీ ఊహంతా అక్కడ ఖర్చుపెట్టు.

మొదట్లో ఉన్న నాలుగు పేజీల వంశవృక్షం కొట్టెయ్. 1777 డిసెంబరు 30న బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ జోసెఫ్ మశూచితో, పిల్లల్లేకుండా పోయాడు, అది చాలు. 1779 మే 13న యుద్ధం ముగించిన టెషెన్ సంధిలో ఆస్ట్రియాకి దక్కింది ఇన్ నది పక్కన ఇన్‌ఫీర్టెల్ అనే చిన్న ముక్క. అదీ ఒక్క వాక్యమే.

కలం పేరు సంగతేదో అడిగావు. ఇంకా ఏవో అడిగావు గానీ, ఆ కాగితం ఎక్కడ పెట్టానో కనబడట్లేదు. కథ తిరగరాసి పంపు. ఇంతకీ ఆ కుర్రాడు దుంప మొత్తం తిన్నాడా, సగం సంచిలో దాచుకున్నాడా?