డాక్టర్ అడగకపోయినా నువ్వు చెప్పు

అమ్మలూ,

మూత్రంలో మంటగా ఉందనీ, రేపు ఆన్‌లైన్‌లో డాక్టర్‌తో మాట్లాడి యాంటీబయాటిక్ రాయించుకుంటావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మూడు రోజులుగా బాధపడుతూ ఎవరికీ చెప్పలేదట! జీవితమంతా నర్సుగా పనిచేసిన పెద్దమ్మ ఒకతి ఉందని గుర్తే రాలేదా నీకు? నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాను. ఈలోపు నీ రూమ్మేట్ తన దగ్గర మిగిలిపోయిన మాత్రలిస్తే వద్దన్నావని కూడా చెప్పింది. దాంతో కోపం సగం దిగిపోయింది. చదువుకున్న పెద్దవాళ్లే ఆ నాలుగు మాత్రలూ మింగేసి మంట తగ్గగానే ఊరుకుంటారు. చచ్చేవి బలహీనమైన క్రిములు, మిగిలేవి మొండివి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఈ తక్కువ మోతాదు వాడకం గురించి హెచ్చరించాడు. ఆయన మాట ఎవరూ విన్నట్టు లేరు. నువ్వు మాత్రం విన్నావు, నాకు అదే సంతోషం.

యూరిన్ ఇన్ఫెక్షన్ ఆన్‌లైన్‌లో చూపించుకోదగ్గ జబ్బే. చెవిపోటుకి చెవిలోకి చూడాలి, ఆయాసానికి స్టెతస్కోప్ పెట్టాలి. దీనికి చాలావరకు నువ్వు చెప్పే లక్షణాలే ఆధారం. అయితే చలిజ్వరం ఉన్నా, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పిగా ఉన్నా, వాంతులవుతున్నా ఆన్‌లైన్ మాట మర్చిపోయి నేరుగా ఆస్పత్రికి వెళ్లు. ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందేమో చూడాలి. గర్భం వచ్చిందేమోనన్న అనుమానం ఉన్నా అంతే. చివరి నెలసరి ఎప్పుడని డాక్టర్ అడిగితే చిన్నబుచ్చుకోకు, కొన్ని మందులు గర్భిణులకు ఇవ్వకూడదు. తెల్లబట్ట, దురద ఉంటే అదీ చెప్పు. అప్పుడు జబ్బు వేరే కావచ్చు, మందూ వేరే. సిగ్గుపడి దాస్తే ఆ డాక్టరుకి తెలిసే దారే లేదు.

ఏ డాక్టరు అంటావా? పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. నిన్ను ప్రశ్నలడగాలి. ఏమీ అడక్కుండా రెండు నిమిషాల్లో మందు రాసిచ్చేవాళ్లని, ఫారం నింపితే చాలు మాత్రలు పంపిస్తామనేవాళ్లని నమ్మకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాకు నిద్రపట్టనివ్వనిది ఇదే.

మీ అమ్మ చిన్నప్పుడు ఒకసారి గొంతు నొప్పికి పెన్సిలిన్ ఇంజక్షన్ చేయించారు. ఇంటికి చేరేలోపే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మా అమ్మ వేడి చేసిందనుకుంది. మర్నాటికి తగ్గిపోయాయి, ఇంట్లో అందరూ మర్చిపోయారు. ఎక్కడా రాసి పెట్టలేదు.

ఏళ్లు గడిచాయి. పెళ్లయిన కొత్తలో మీ అమ్మకి పన్ను కింద చీము పట్టి బుగ్గ వాచింది. మీ నాన్న తెలిసిన డాక్టరుకి ఫోన్ చేశాడు. ఇప్పటి నీ వీడియో కాల్‌లాంటిదే, కాకపోతే మొహాలు కనిపించేవి కావు. ఆయన మంచి డాక్టరే. “ఏ మందైనా పడదా అమ్మా?” అని అడిగాడు కూడా. “అలాంటిదేం లేదండీ” అంది మీ అమ్మ. తనకి తెలిసినంతవరకు అది నిజమే. ఆయన అమాక్సిసిల్లిన్ చెప్పాడు. అదీ పెన్సిలిన్ కుటుంబంలోదే. మాత్రల అట్ట మీద కంపెనీ పెట్టిన పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది, అసలు మందు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. ఇంట్లో ఎవరూ చూసుకోలేదు.

అరగంట కూడా గడవలేదు. ముందు అరిచేతుల్లో దురద మొదలైంది. తర్వాత పెదాలు ఉబ్బాయి, మాట ముద్దగా వస్తోంది, గొంతు ఎవరో నొక్కుతున్నట్టుందని సైగ చేసిందట. బండి మీద ఆస్పత్రికి తెచ్చేసరికి డ్యూటీలో నేనే ఉన్నాను. బీపీ చూస్తే అందలేదు. నా సొంత చెల్లెలు, కళ్లు తేలేస్తోంది. డాక్టరు తొడకండకి అడ్రినలిన్ ఇచ్చి, కాళ్లు ఎత్తి పెట్టించి, సెలైన్ ఎక్కించాడు. కాస్త తేరుకున్నాక ఆయన ప్రశ్న మార్చి అడిగాడు. “ఇంతకుముందు ఏ మాత్ర వేసుకున్నాకైనా, ఏ ఇంజక్షన్ తర్వాతైనా ఒంటి మీద దద్దుర్లు గానీ, వాపు గానీ వచ్చాయా?” ఆ మాటతోనే మా ఇద్దరికీ చిన్ననాటి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఫోన్‌లో ఎవరైనా అలా అడిగి ఉంటే ఆ మాత్ర తన నోట్లోకి వెళ్లేదే కాదు.

అందుకే “అలర్జీలున్నాయా?” అంటే “లేవు” అని ఒక్కముక్కలో తేల్చెయ్యకు. ఎప్పుడైనా మందు వేసుకున్నాక దద్దుర్లు వచ్చాయా, ఏ మందుకి, ఎంతసేపటికి, ఎలా తగ్గింది, గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పు. మీ అమ్మని కూడా కనుక్కో, నీ పసితనంలో ఏం జరిగిందో నీకెలా తెలుస్తుంది?

అలాగని నా కథ విని జడిసి “నాకూ పెన్సిలిన్ పడదు” అనెయ్యకు సుమా. అమ్మకి పడనంత మాత్రాన కూతురికి పడకూడదని లేదు. పడదని చెప్పుకునేవాళ్లకి సరిగ్గా పరీక్ష చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి ఏ ఇబ్బందీ ఉండదని తేలింది. ఊరికే పడదని రాయించుకుంటే, ఎప్పుడో నిజంగా అవసరమైనప్పుడు మంచి మందు మానేసి మరో పెద్ద మందు ఇస్తారు. “అమ్మకి పడలేదు, నాకు ఇంతవరకు ఏమీ కాలేదు” అని ఉన్నదున్నట్టు చెప్పు, చాలు.

నువ్వు వేసుకునే ఐరన్ మాత్రల సంగతి మర్చిపోకు. కొన్ని యాంటీబయాటిక్‌లు ఐరన్‌తో కలిస్తే ఒంటికి పట్టవు, మధ్యలో కొన్ని గంటల ఎడం ఉండాలి.

ఆరు నెలల్లో ఇది రెండోసారట కదా. అయితే యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష, చేయిస్తారా అని నువ్వే అడుగు. మొదటి మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి, వేసుకున్నాక ఇస్తే క్రిమి దొరక్కపోవచ్చు. మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టాలి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా మందు మొదలుపెట్టమంటే పెట్టు, రిపోర్టు రాగానే ఆ డాక్టరుకే పంపి మందు మార్చాలేమో కనుక్కో.

నైట్రోఫ్యూరాంటోయిన్ రాస్తే అన్నం తిన్నాక వేసుకో. మూత్రం ముదురు పసుపుగా, ఒక్కోసారి గోధుమరంగులో వస్తుంది, కంగారు పడకు. ఫాస్ఫోమైసిన్ అయితే నీళ్లలో కలుపుకుని తాగే పొడి, సాధారణంగా ఒక్క మోతాదే. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటిది రాస్తే మాత్రం “నాకు వేరేది పనికిరాదాండీ?” అని మర్యాదగా అడుగు. కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉందనీ, మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వేరే దారి ఉన్నప్పుడు వాడొద్దనీ 2016లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ చెప్పింది. కారణముంటే డాక్టరు చెప్తాడు. అడగడం తప్పు కాదు.

అసలు యాంటీబయాటిక్ అక్కర్లేదంటే? విను. ఇంకో డాక్టర్ని వెతుక్కుని రాయించుకోకు. ఎప్పుడు మళ్లీ చూపించుకోవాలో మాత్రం కనుక్కో.

ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడు, నీ అంతట నువ్వు తగ్గించకు, పెంచకు. రెండు రోజులకీ తేడా కనిపించకపోతే ఫోన్ చెయ్యి. నీళ్ల విరేచనాలు పట్టుకుంటే, మందు ఆపేసిన కొన్ని వారాలకైనా సరే, విరేచనాలు కట్టే మాత్ర నువ్వే వేసేసుకోకుండా డాక్టరుకి చెప్పు.

ఇంకొక్కటి, ఇది నా భయమే అనుకో. మొదటి మోతాదు ఒంటరిగా ఉన్నప్పుడు వేసుకుని పడుకోకు. రూమ్మేట్ పక్కన ఉండగా, మెలకువగా ఉన్నప్పుడు వేసుకో. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అంబులెన్స్‌ని పిలవమని ఆ అమ్మాయికి ముందే చెప్పి ఉంచు. అప్పుడు డాక్టరుకి మెసేజ్ పెట్టి జవాబు కోసం చూస్తూ కూర్చోవద్దు.

మాట్లాడటం అయ్యాక ప్రిస్క్రిప్షన్ ఫొటో పంపించు. అక్షరం అక్షరం చదివి, ఏదైనా అనుమానముంటే నేనే ఫోన్ చేస్తాను.

నీ పెద్దమ్మ