సోయా వేస్తే ప్రోటీన్ డిమాండ్ డబ్బు మన చేతికి వస్తుందా?

తమ్ముడూ, నీ ప్రశ్న చూశాను. హైదరాబాద్ షాపుల్లో టోఫు (సోయా పాల పనీర్), సోయా పాలు, బఠానీ ప్రోటీన్ డబ్బాలు ఏడాదికేడాది పెరుగుతున్నాయని, మహారాష్ట్ర నాందేడ్ జిల్లా బిలోలి దగ్గర మీ బాపు పేరున ఉన్న 7 ఎకరాల్లో మొత్తం సోయాబీన్ వేస్తే ఆ గిరాకీతో మంచి రేటు వస్తుందా అని అడిగావు. పక్కనే బఠానీ సంగతి కూడా.

మాది అదే జిల్లాలో ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, మోంఢాలో (గింజల మార్కెట్ యార్డులో) మరాఠీ. ఇరవై ఏళ్లుగా సోయా వేస్తున్నాం. గిరాకీ నిజమే కావచ్చు గానీ, మోంఢాలో నీ గింజలో ప్రోటీన్ ఎంతుందని అడిగి కొనేవాడు ఒక్కడూ కనపడడు. అడ్తిదారు, అంటే కమీషన్ ఏజెంటు, గుప్పెడు గింజలు తీసి తేమ మీటర్‌లో పోస్తాడు, 12 శాతం దాటిందా చూస్తాడు, మట్టి ఎంతుందో చూస్తాడు, వానకు నల్లబడ్డ డాగి గింజ ఎంతుందో చూస్తాడు, కోత కోసి రేటు చెప్తాడు. అంతే సంగతి.

ఎందుకంటే రేటు కట్టేది నూనె మిల్లు. క్వింటాలు సోయా ఆడిస్తే సుమారు 18 కిలోల నూనె, 80 కిలోల దాకా పిండి వస్తాయి. ఆ పిండినే డీఓసీ అంటారు, ప్రోటీన్ అంతా దాంట్లోనే ఉంటుంది. మనం కూరలో వేసుకునే మీల్ మేకర్ కూడా నూనె తీసిన పిండితోనే చేస్తారు, కానీ డీఓసీలో ఎక్కువ భాగం పోయేది కోళ్ల దాణాకి. నవ్వు వస్తుంది గానీ, మాంసం మానేసి టోఫు తినేవాళ్ల కంటే చికెన్, గుడ్లు తినేవాళ్లే సోయా రైతుకు పెద్ద గిరాకీ. ఇప్పుడు ఆ కోళ్లఫారాల వాళ్లకీ వేరే దారి దొరికింది. మక్కలు, నూకల నుంచి ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి డీఓసీ కంటే చవక, అందులోనూ ప్రోటీన్ ఉంటుంది, దాణాలో అది కలుపుతున్నారు. మన పంట రేటు మీద ఆ దెబ్బ కూడా ఉంది.

నా సంగతి చెప్తా. 2020లో పండింది దీపావళి ముందు క్వింటాలు నాలుగు వేల చిల్లరకు అమ్మేశాం. 2021 ఎండాకాలం పోయేసరికి అదే సోయా 7 వేల దాకా పోయింది. బాపు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఊపులో నేను ఆ వానాకాలం కంది మానేసి 6 ఎకరాలూ సోయానే వేశాను. జులై ఆఖరుకు రేటు 10 వేలకు చేరింది. ఇంతలో కోళ్ల రైతులు దాణా ధర మోయలేమని మొత్తుకుంటే, ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం (జన్యుమార్పిడి) సోయా పిండి దిగుమతికి అనుమతి ఇచ్చింది. పంట చేతికొచ్చేసరికి రేటు సగమైంది. సరే, దాచిపెడదాం అనుకున్నాను. 2022 మార్చిలో 7 వేలు దాటింది, అప్పుడైనా అమ్మొచ్చు కదా, అమ్మలేదు. 10 వేలు ఒకసారి చూసిన కన్ను 7 వేలకు ఒప్పుకోదు. చివరికి 2023 జూన్‌లో ఎరువుల డబ్బుల కోసం ఐదు వేల లోపుకే ఇచ్చేశాను, అప్పటికి ఎలుకలు తిన్నది, ఆరి తూకం తగ్గింది వేరే లెక్క. ఇందులో తప్పంతా నాదే, ప్రభుత్వం మీద తోసేయలేను.

2024లో మద్దతు ధర 4,892 ఉంటే మోంఢాలో నాలుగు వేల చిల్లరే పలికింది. కొనుగోలు కేంద్రంలో 12 శాతం తేమ నిబంధన, బయట అక్టోబరు వానలు. నవంబరులో తేమ 15 శాతం దాకా ఒప్పుకుంటామన్నారు, అప్పటికే మా వాడలో సగం మంది అమ్ముకున్నారు. 2025లో మద్దతు ధర 5,328 చేశారు, ఆగస్టు, సెప్టెంబరు వానలకు మా దగ్గర చేన్లే మునిగాయి. రేటు బాగున్న ఏడాది గింజ ఉండదు, గింజ ఉన్న ఏడాది రేటు ఉండదు.

మరి ఆ టోఫు వాళ్లు నేరుగా కొనరా అంటావు. ఒకసారి కొన్నారు. ఒక కొనుగోలుదారు వచ్చి మోంఢా రేటు మీద క్వింటాలుకు 300 ఎక్కువిస్తాం, ఒకే రకం గింజ, పగుళ్లు ఉండకూడదు, డాగి ఉండకూడదు అన్నాడు. ఐదారుగురం కలిసి జల్లెడ పట్టించి, ఆడవాళ్ల చేత ఏరించి పంపితే సగం సరుకు వెనక్కొచ్చింది. గింజ మీద నల్ల కన్ను ఉందట, పాలు తెల్లగా రావట. ఆ మాట విత్తనం వేసే ముందు చెప్పాలి కదా! రానూపోనూ లారీ కిరాయి మా నెత్తిన పడింది. కాబట్టి ఎవరైనా ఫుడ్ గ్రేడ్, అంటే మనుషుల తిండికి పనికొచ్చే గింజ కావాలని వస్తే ముందు విత్తనం రకం, వెనక్కొస్తే కిరాయి ఎవరిది, ఈ రెండూ కాగితం మీద రాయించుకో.

బఠానీ జోలికి మాత్రం పోకు. ఆ ప్రోటీన్ పొడి చేసేది మనం కూరలో వేసే పచ్చి బఠానీతో కాదు, ఎండు పసుపు బఠానీతో. అది చల్లటి దేశాల పంట, కెనడా, రష్యాల నుంచి ఓడల్లో వస్తుంది. 2023 డిసెంబరు నుంచి దాదాపు రెండేళ్లు సుంకం లేకుండా రానిచ్చారు, 2025 నవంబరు 1 నుంచి 30 శాతం వేశారు. ఆ చవక బఠానీ శనగపిండిలో కలిసి మన శనగ రేటునే కిందికి లాగింది, ఇక దాంతో పోటీకి ఎక్కడ దిగుతావు.

నేనైతే ఇప్పుడు నాలుగు సాళ్లు సోయా, రెండు సాళ్లు కంది వేస్తున్నాను. సోయా వంద రోజుల్లో కోతకొస్తుంది, తర్వాత కందికి గాలీ వెలుతురూ బాగా దొరుకుతాయి. కంది బద్నాపూర్ పరిశోధన కేంద్రం వాళ్ల బీడీఎన్ 711, మిగతా రకాల కంటే ముందే చేతికొస్తుంది, చివర్లో తేమ కరువైనా తట్టుకుంటుంది. కంది రేటూ నమ్మలేం, మొజాంబిక్, మయన్మార్ నుంచి సరుకు దిగితే పడిపోతుంది. అందుకే కొంత మోంఢాకి పోనీకుండా పప్పు ఆడించి నిజామాబాద్‌లో, హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలకు, వాళ్ల అపార్ట్‌మెంట్ వాళ్లకు పంపుతున్నాను. క్వింటాలు కందులకు 70 కిలోల పైన పప్పు వస్తుంది. నువ్వు అడిగిన ప్రోటీన్ డబ్బు నాకు చేతికి తగిలింది అక్కడే. మా చిన్నాయన కొడుకు మాత్రం ఇంట్లో పప్పు బస్తా పెట్టుకుని రెండు వేలు పోసి పొడి డబ్బా కొంటాడు, వాడితో వాదించడం మానేశాను.

ఇంకోటి, సోయా ఇంట్లో తినాలనుకుంటే పచ్చిది వద్దు, వేడి బాగా తగలకపోతే సరిగ్గా అరగదు. మా అమ్మ వేయించి, పది కిలోల గోధుమలకు ఒక కిలో కలిపి పిండి పట్టిస్తుంది. అంతకు మించితే రొట్టెకి వాసన వస్తుంది.

విత్తనం కొనేముందు మీ ఇంట్లో గింజ ఉంటే వంద గింజలు తడి గోనెసంచిలో చుట్టి చూడు, 70 పైన మొలిస్తే అదే వేసుకోవచ్చు. మీ చేను నల్లరేగడా, వానకు నీళ్లు నిలుస్తాయా అది చెప్పలేదు. నిలిచే చోటైతే కంది బతకదు, సాళ్ల లెక్క మార్చాలి. బాపుని అడిగి రాయి.