గవర్నర్ అభ్యర్థుల్లో ఎవరు మన బడులకు మేలు? రెండు ఎన్నికల్లో ఓటేసిన ఒక అమ్మ చెప్పేది

ప్రశ్న: ఈ మధ్యే పౌరసత్వం వచ్చింది. జార్జియాలో ఉంటున్నాం, పిల్లలిద్దరూ ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. 2026లో మాకు గవర్నర్ ఎన్నిక. చదువుల విషయంలో అభ్యర్థులను ఎలా పోల్చుకోవాలి? వాట్సాప్‌లో తిరిగే "వీళ్లకే ఓటేయండి" లిస్టులు నమ్మొచ్చా?

జవాబు:

మాది వర్జీనియా, వాషింగ్టన్‌కి దగ్గర్లో తెలుగువాళ్లు బాగా ఉన్న వైపు. ఇక్కడ గవర్నర్ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి కాబట్టి 2021లో ఒకసారి, 2025లో ఇంకోసారి వేశాను. మొదటిసారి కోపంతో వేశాను, రెండోసారి కాస్త చదువుకుని వేశాను. రెండింటికీ మధ్య ఏం నేర్చుకున్నానో చెప్తా.

మొదట మా నాన్న సంగతి. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. 2021లో ఫోన్లో "గవర్నర్‌కి ఓటేయడానికి వెళ్తున్నా నాన్నా" అంటే, "గవర్నర్‌కి ఓట్లేంటే, అది రాష్ట్రపతి వేసే పోస్టు కదా, రాజ్‌భవన్లో కూర్చోవడానికి ఓట్లెందుకు?" అన్నారు. ఇక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడని చెప్పాక ఒక నిమిషం ఆగి వరసగా మూడు ప్రశ్నలు వేశారు: "అయితే మాస్టార్ల జీతం ఆయనే ఇస్తాడా? సిలబస్ ఆయన చేతిలోదేనా? అడ్మిషన్లు ఎవరు చూస్తారు?" మూడింటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఇన్నేళ్లు ఓటేసిన మనిషి ఆయన. అభ్యర్థి స్టాఫ్‌రూమ్‌కి వచ్చి పీఆర్సీ తెస్తా, పెన్షన్ తెస్తా అని చెప్తుంటే, వెనక బెంచీలోంచి "ఆ ఫైలు మీద సంతకం ఎవరిదండీ?" అని అడిగేవారట. మీకు నేను చెప్పబోయేది కూడా ఆ ఒక్క ప్రశ్నే, మిగతాదంతా దాని వివరం.

2021లో మా వైపు వాతావరణం ఎలా ఉండేదంటే, కోవిడ్ వల్ల పిల్లలు ఏడాది పాటు ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని అప్పుడే బడికి వెళ్తున్నారు. మా పెద్దమ్మాయి ఆరో తరగతి. దానికి తోడు లెక్కల పాఠ్యక్రమం మార్చే ప్రతిపాదన ఒకటి రాష్ట్రస్థాయిలో నడుస్తోంది, అది వస్తే పదకొండో తరగతి దాకా పిల్లలందరికీ ఒకే లెక్కలు, ముందుగా ఆల్జీబ్రా చదివే దారి ఉండదు అని ప్రచారం. అలాంటిదేమీ లేదు, ఇది చర్చ మాత్రమే అని విద్యాశాఖ చెప్పింది గానీ తెలుగు ఇళ్లలో ఆల్జీబ్రా జోలికొస్తే ఎవరు వింటారు చెప్పండి! ఇంకోపక్క థామస్ జెఫర్సన్ హైస్కూల్, అందరూ టీజే అంటారు, సైన్స్‌కీ లెక్కలకీ పేరున్న ప్రభుత్వ బడి, దాని ప్రవేశ పరీక్షను 2020 అక్టోబరులో తీసేశారు. డిసెంబరులో ప్రతి మిడిల్ స్కూల్‌కీ కొన్ని సీట్లు కేటాయించారు. కొత్త పద్ధతిలో చేరిన మొదటి బ్యాచ్‌లో ఆసియా పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడింది. లౌడన్ కౌంటీ స్కూల్ బోర్డు మీటింగు గొడవై అరెస్టుల దాకా వెళ్లింది, జాతీయ టీవీల్లో అదే వార్త.

ఇక అభ్యర్థులు. డెమొక్రాట్ టెర్రీ మెకాలిఫ్, అంతకుముందు ఒకసారి గవర్నర్‌గా చేసినాయన. రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్, పెట్టుబడుల కంపెనీ నడిపి రాజకీయాల్లోకి కొత్తగా వచ్చినాయన. సెప్టెంబరు 28న డిబేట్‌లో మెకాలిఫ్ ఒక మాటన్నాడు, బడులు ఏం చెప్పాలో తల్లిదండ్రులు చెప్పకూడదని నేననుకుంటున్నా అని. అంతే, మర్నాటి నుంచి ఆ ముక్క మా ఫోన్లలో తిరగని గంట లేదు. నిజానికి ఆయన చెప్తున్నది తాను గవర్నర్‌గా వీటో చేసిన ఒక బిల్లు గురించి, లైంగిక విషయాలున్న పుస్తకాలు పాఠంలో ఉంటే ముందే ఇంటికి చెప్పాలన్న బిల్లు. ఆ సంగతి నేను చాలా రోజుల తర్వాత చదివాను. ఆ రాత్రి మాత్రం వంటింటి టేబుల్ మీద మా అమ్మాయి హోంవర్కు పక్కనే ఇద్దరి కరపత్రాలూ పెట్టుకుని చూశాను. ఒకదాంట్లో ఏడాదికి 200 కోట్ల డాలర్లు చదువులకి, టీచర్ల జీతాలు దేశ సగటు కంటే పైకి, పేద పిల్లలకి ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు చదువు) అని ఉంది. రెండోదాంట్లో తల్లిదండ్రుల మాటకి విలువ, కొత్తగా 20 చార్టర్ స్కూళ్లు (ప్రభుత్వ డబ్బుతో, విడి యాజమాన్యంతో నడిచే బడులు), చదువులో ప్రమాణాలు అని ఉంది. మొదటిది ఎవరైనా చెప్పే మాటే కదా అనిపించింది, రెండోది నా కడుపుమంట తెలిసినవాడు రాసినట్టు అనిపించింది. యంగ్‌కిన్‌కి వేశాను. రెండు శాతం తేడాతో గెలిచాడు.

తర్వాత నాలుగేళ్లూ నాన్న ప్రశ్న పట్టుకుని ఒక్కొక్కటీ చూస్తూ వచ్చాను.

టీజే సంగతి చూడండి. దాని హోదా ఏంటో తెలుసా, "గవర్నర్స్ స్కూల్". పేరులోనే గవర్నర్ ఉన్నాడు! ప్రవేశాలు మాత్రం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ స్కూల్ బోర్డు నిర్ణయం. గవర్నర్ మారాడు, పద్ధతి మారలేదు. తల్లిదండ్రులు వేసిన కేసు 2022లో కింది కోర్టులో గెలిచి, 2023లో అప్పీల్లో ఓడి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినను పొమ్మనడంతో ముగిసింది. సరిగ్గా ఆ ఏడాదే మా అమ్మాయి అప్లై చేసింది, రాలేదు. దాని స్నేహితురాలికి వచ్చింది. ఒక వారం ముభావంగా ఉంది, ఆ తర్వాత మా బళ్లోనే ఆర్కెస్ట్రాలో చేరి ఇప్పుడు వయొలిన్ వదలదు, చెవులు మావి పోతున్నాయి. నేను చెప్పేదేంటంటే, ఆ సీటు కోసం నేను వేసిన ఓటు ఆ సీటుని తాకను కూడా లేదు. అది స్కూల్ బోర్డు ఎన్నికలో వేయాల్సిన ఓటు, 2023లో వచ్చిన ఆ ఎన్నికకి మా వీధిలో ఎంతమంది వెళ్లారో అడక్కండి.

20 చార్టర్ స్కూళ్లూ అంతే. మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం బడుల అజమాయిషీ స్థానిక స్కూల్ బోర్డులది, వాళ్లు ఒప్పుకోకుండా చార్టర్ పెట్టడం కుదరదు, చట్టం మారుద్దామంటే రాష్ట్ర సెనేట్‌లో యంగ్‌కిన్‌కి బలం లేదు. చివరికి 10 కోట్ల డాలర్లతో యూనివర్సిటీలు నడిపే ల్యాబ్ స్కూళ్ల వైపు మళ్లాడు. ప్రమాణం చేసిన రోజే మాస్కులు మీ ఇష్టం అని ఆర్డరిస్తే ఏడు స్కూల్ బోర్డులు కోర్టుకెక్కాయి, చివరికి ఫిబ్రవరిలో అసెంబ్లీ చట్టం చేశాకే తేలింది. టీచర్ల మీద ఫిర్యాదు చేయడానికని ఒక ఈమెయిల్ పెట్టారు, కొన్ని నెలల తర్వాత చప్పుడు లేకుండా మూసేశారు.

మరి గవర్నర్ చేతిలో ఏమీ లేదా అంటే ఉంది, చాలా ఉంది. కరపత్రం మీద కనపడదు అంతే. రాష్ట్ర విద్యా బోర్డులో తొమ్మిది మందినీ నియమించేది ఆయనే, విద్యాశాఖ సూపరింటెండెంట్‌నీ ఆయనే. ఆ లెక్కల ప్రతిపాదనను 2022లో పక్కన పడేశారు, అది నేరుగా గవర్నర్ మారినందుకే. అంటే నా కోపంలో ఆ పావు వంతు సరైన అడ్రసుకే వెళ్లింది. అదే ఏడాది చివర్లో చరిత్ర సిలబస్ ముసాయిదా వచ్చింది, అమెరికా మూలవాసులను "మొదటి వలసదారులు" అని రాశారు అందులో. గొడవైంది, బోర్డు వెనక్కి తీసుకుని తిరగరాసి 2023 ఏప్రిల్లో ఆమోదించింది. అదీ నియామకాల ప్రభావమే. నిజంగా ఇంటింటికీ తాకింది ఏంటంటే 2022లో రెండు పార్టీలూ కలిసి తెచ్చిన చదవడం నేర్పే చట్టం, చిన్న తరగతుల్లో అక్షరాల శబ్దాల మీద ఆధారపడి, పరిశోధనలో నిలిచిన పద్ధతుల్లోనే నేర్పాలని. దాని గురించి ఎన్నికల్లో ఒక్క ప్రకటన కూడా నా కంటపడలేదు. మా చిన్నోడు రెండో తరగతిలో ఒక్కో మాటనీ ముక్కలు చేసి, చప్పట్లు కొడుతూ, శబ్దం శబ్దం చదువుతుంటే మా అత్తగారు "ఇది మన గుణింతం లాగే ఉందే" అన్నారు. యంగ్‌కిన్ సంతకం పెట్టిన వాటిలో నేను ఆయనకి మార్కులేసేది దీనికే.

డబ్బుల సంగతి ఇంకా మెలిక. మా దగ్గర కొత్త గవర్నర్ వచ్చేటప్పటికే, రెండేళ్ల బడ్జెట్ ప్రతిపాదన దిగిపోయే గవర్నర్ డిసెంబరులోనే పెట్టి పోతాడు. 2022లో టీచర్లకి వరసగా రెండేళ్లు 5 శాతం చొప్పున పెంచారు, సంతకం యంగ్‌కిన్‌ది, ఆ పెంపు మొదట రాసింది మాత్రం దిగిపోయిన రాల్ఫ్ నార్తమ్. 2023లో శాసనసభ వాళ్ల ఆడిట్ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది, వర్జీనియా బడులకి విద్యార్థి తలకి అందుతున్న డబ్బు 50 రాష్ట్రాల సగటు కంటే 14 శాతం తక్కువ అని, బడికి ఎంతమంది సిబ్బంది కావాలో రాష్ట్రం వేసే లెక్కే తక్కువగా ఉందని. మిగతాది కౌంటీ ఇంటిపన్నుతో పూడ్చుకోవాలి. నేను ఒకసారి కౌంటీ బడ్జెట్ మీటింగుకి వెళ్లి మాట్లాడాను కూడా. ఎదురుగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్లు, నేను నా పేరు, ఊరు చెప్పేసరికే పసుపొచ్చేసింది. బయటికొచ్చాక ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు, మీరడిగే డబ్బు ఇక్కడ లేదమ్మా, రాజధాని రిచ్‌మండ్‌లో ఉంది, ధనిక కౌంటీ అని లెక్కకట్టి మీకు రాష్ట్రం తక్కువిస్తుంది అని. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్తే "మనం ధనికులమా, మన ఎకౌంట్ చూసి చెప్పమను" అన్నాడు.

ఇదంతా అయ్యాక 2025 వచ్చింది. డెమొక్రాట్ అబిగెయిల్ స్పాన్‌బర్గర్, రిపబ్లికన్ విన్సమ్ ఎర్ల్-సియర్స్. ఈసారి నేను కాగితం మీద రెండే గీతలు గీసుకున్నా: గవర్నర్ సంతకంతో అయ్యేవి ఒకపక్క, కానివి ఒకపక్క. టీవీ ప్రకటనలన్నీ ట్రాన్స్‌జెండర్ పిల్లలు బడిలో ఏ బాత్రూము వాడాలన్న దాని చుట్టూ తిరిగాయి, ఉన్న ఒక్క డిబేట్‌లోనూ దాని మీద చాలాసేపు పోయింది, స్పాన్‌బర్గర్ సూటిగా జవాబు చెప్పలేదు, నాకు అది నచ్చలేదు. కానీ ఆ వ్యవహారం అప్పటికే కేంద్ర విద్యాశాఖకీ కౌంటీలకీ మధ్య నడుస్తోంది. సంతకం ఉన్న వైపు చూస్తే అసలు తేడా కనపడింది. ఎర్ల్-సియర్స్ పిల్లతో పాటే డబ్బు కూడా ప్రైవేటు బడికి వెళ్లాలి అనే పక్షం, ఆమె ఒకప్పుడు రాష్ట్ర విద్యా బోర్డులో పనిచేసింది కాబట్టి ఊరికే అన్న మాట కాదు. స్పాన్‌బర్గర్ ప్రభుత్వ డబ్బు ప్రైవేటు బడి ఫీజులకిచ్చే వోచర్లకి మళ్లించనంది. మా బళ్లో అప్పటికి కెమిస్ట్రీకి రెగ్యులర్ టీచర్ లేక లాంగ్ టర్మ్ సబ్‌స్టిట్యూటే దిక్కు, నాకు ఆ లెక్క తేలిగ్గానే తేలింది. గుడిలో కలిసే స్నేహితురాలు ఒకామె వోచర్ కావాలనే అటు వేసింది, వాళ్ల బాబుకి ప్రత్యేక అవసరాలున్నాయి, ఉన్న బడిలో విసిగిపోయింది. ఆమె లెక్క ఆమెది, దాన్ని నేను తప్పనను. ఇద్దరం కనీసం ఒకే విషయం మీద వేశాం. స్పాన్‌బర్గర్ సుమారు 15 శాతం తేడాతో గెలిచింది. లెఫ్టినెంట్ గవర్నర్‌గా గజాలా హాష్మీ గెలిచింది, హైదరాబాద్‌లో పుట్టి, మీ జార్జియాలోని స్టేట్స్‌బరోలో పెరిగినావిడ, మా దగ్గర చాలా ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పింది. నాన్నకి ఆ కబురు చెప్తే "సరే, టీచరమ్మ గెలిచింది" అని, ఇంకేం అడగలేదు.

ఇక మీ జార్జియా. మాకూ మీకూ ఒక పెద్ద తేడా ఉంది, మీ దగ్గర రాష్ట్ర స్కూల్ సూపరింటెండెంట్‌ని గవర్నర్ నియమించడు, మీరే విడిగా ఎన్నుకుంటారు. కాబట్టి బాలెట్ కాగితం మీద గవర్నర్ దగ్గరే ఆగిపోకండి, కిందకి చూడండి. విద్యా బోర్డు సభ్యులను మాత్రం గవర్నరే వేస్తాడు. బడులకి డబ్బు పంచే మీ ఫార్ములా 1985 నాటిది, దాన్ని మారుస్తారా, మారిస్తే పేద పిల్లలకి అదనంగా ఇస్తారా అని ప్రతి అభ్యర్థినీ అడగొచ్చు. 2024లో మీ దగ్గర వోచర్ చట్టం వచ్చింది, అట్టడుగు 25 శాతం బడుల పరిధిలోని పిల్లలకి ఏడాదికి 6,500 డాలర్లు, దాన్ని పెంచుతారా, అందరికీ ఇస్తారా, ఆపుతారా అనేది సూటి ప్రశ్న, తప్పించుకోవడం కష్టం. పిల్లలు పెద్దవాళ్లయితే కాలేజీ చదువుకి మీ రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ గురించీ అడగండి. అభ్యర్థి వెబ్‌సైట్‌లో "చదువు" అనే పేజీ చదివేటప్పుడు ప్రతి వాక్యం పక్కన బడ్జెట్, నియామకం, వీటో, ఈ మూడింట్లో ఏది వాడి చేస్తాడో పెన్సిల్‌తో రాసుకోండి. ఏదీ రాయలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి. ఇంతకుముందు అసెంబ్లీలోనో కాంగ్రెస్‌లోనో ఉన్నవాళ్లైతే, వాళ్లు చెప్పేది వదిలేసి పాత ఓట్లు చూడండి, అవి దాచలేరు.

వాట్సాప్ లిస్టు అడిగారు కదా. 2021లో మా గ్రూపులోనూ ఒకటి వచ్చింది, పసుపు రంగు హైలైట్‌తో, ఏ పేరు పక్కన టిక్ పెట్టాలో కూడా గీసి మరీ. పంపించినాయన చాలా గట్టిగా వాదించేవాడు, ఎవరైనా అడిగితే కోప్పడేవాడు కూడా. ఓటేసొచ్చి "మీరెప్పుడు వెళ్తున్నారు అన్నయ్యా?" అని అడిగితే అప్పుడు బయటపడింది, ఆయనది ఇంకా హెచ్-1బీ.