కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌ని నిజంగానే జరిపారా? ఇప్పుడు వెళ్తే ఏం చూడొచ్చు?

అవును, విడగొట్టకుండా, నిలువునా ఉన్నదాన్ని ఉన్నట్టే జరిపారు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 1870లో కట్టినప్పుడు సముద్రం దీనికి 1,500 అడుగుల దూరంలో ఉండేది, తీరం కోత వల్ల వందేళ్లకి 120 అడుగుల దాకా వచ్చేసింది. అందుకే 1999లో పునాది దగ్గర కోసి, జాకీలతో పైకి లేపి, ఇనుప పట్టాలకి సబ్బు రాసి, ఒక్కో తోపుకి సుమారు 5 అడుగుల చొప్పున 2,900 అడుగులు నెట్టారు. దాదాపు 4,800 టన్నుల ఇటుక గోపురం, 23 రోజులు పట్టింది! నాకైతే లైట్‌హౌస్ కన్నా ఈ పనే పెద్ద అద్భుతం.

పైకి 257 మెట్లు. మరమ్మతులు జరిగేటప్పుడు ఎక్కనివ్వరు కాబట్టి బయల్దేరే ముందే నేషనల్ పార్క్ సర్వీస్ సైట్ చూసుకోండి, రాష్ట్ర రాజధాని రాలీ నుంచి నాలుగు గంటలకి పైనే డ్రైవ్ మరి. ఎక్కలేకపోయినా ఫరవాలేదు, కింద నిలబడి మెలితిరుగుతూ పైకి పోయే ఆ నలుపు తెలుపు పట్టీలు చూడండి, తర్వాత పాత చోటుకి నడవండి. అక్కడ అలలు ఎంత దగ్గరో కళ్లతో చూస్తే ఎందుకు జరిపారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.