పాతికేళ్ల తర్వాత మళ్ళీ ‘ఫారో’: ముందు స్పీడు తగ్గించండి

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను. “ఇంటర్లో ఆడిన ఫారో మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా. రెండు గంటలు కూర్చుంటే ఊరు పాకల దగ్గరే ఆగిపోయింది. ఇది నిజంగానే మంచి ఆటా, లేక అప్పట్లో వేరే ఏం దొరక్క బాగుందనుకున్నామా?” అని అడిగారు. పోయినేడాది నాకూ అచ్చం ఇదే అనుమానం వచ్చింది. నాలుగు నెలలు ఆడాక చెప్తున్నా: ఆట బ్రహ్మాండంగా ఉంది. అప్పట్లో మనం ఆడిన తీరే బాగోలేదు.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఫారో 1999లో వచ్చిన కంప్యూటర్ ఆట. రోమన్ల ఊళ్లు కట్టే ఆట సీజర్ 3 చేసిన ఇంప్రెషన్స్ గేమ్స్ వాళ్లదే, సియెరా అనే కంపెనీ విడుదల చేసింది. మరుసటేడు క్లియోపాత్రా అని అదనపు భాగం వచ్చింది. నైలు నది ఒడ్డున ఊళ్లు కట్టడం మన పని. యుద్ధాలున్నాయి గానీ పులిహోరలో జీడిపప్పులా, అక్కడొకటి అక్కడొకటి. అసలు గొడవంతా ఇళ్లకి నీళ్లు, తిండి, కుండలు, బీరు, గుడి, వైద్యుడు అందేలా చూడటమే. ఒక్కొక్కటీ అందేకొద్దీ పాక ఇల్లవుతుంది, ఇల్లు మేడవుతుంది. ఏదో ఒకటి అందడం ఆగిందా, మేడ కాస్తా మెట్లు దిగుతూ మళ్ళీ పాక దగ్గరికే వస్తుంది.

నా సంగతి చెప్తా. 2002లో ఇంటర్ సెకండియర్. ఇల్లు బెజవాడ సింగ్ నగర్లో, హాస్టలు ఊరి శివార్లలో. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేకపోయినా మూడు వారాలకోసారే ఇంటికి వదిలేవాళ్లు, అదీ ఆదివారం పొద్దున వెళ్లి చీకటి పడేలోగా గేటు దగ్గరుండాలి. అన్నయ్య బీటెక్ కోసం కొన్న కంప్యూటరు, బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద కొన్న కాపీ సీడీ. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘ఫరో’ అని రాసుంది, మేమూ చాన్నాళ్లు అలాగే పిలిచాం. చేతిలో ఉండేది ఆరు గంటలు. అందులో అన్నానికీ చుట్టాలకీ ఓ గంట, కరెంటు పోతే ఇంకో గంట. ఇక నిదానంగా ఎవడాడతాడు? స్పీడు వందకి పెట్టడం, డబ్బులున్నంతసేపు కట్టుకుంటూ పోవడం, అప్పులో పడగానే కొత్త ఊరు మొదలెట్టడం. ఆ ఏడాదంతా కలిపి నేను కట్టింది సగం మస్తబా. పిరమిడ్ల కంటే ముందు కట్టుకునే ఇటుకల సమాధి అది, అదీ సగమే.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు మా పేట మీద పడ్డప్పుడు కింది వాటా మొత్తం మునిగింది. అదే రెండ్రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీల్లో చెప్తుంటే, మేం పై వాటాలో కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. నీళ్లు దిగాక బురద ఎత్తిపోస్తుంటే ట్రంకు పెట్టెలో ఆ సీడీ కనిపించింది. కుళాయి కింద కడిగాను. స్కెచ్ పెన్ను రాత పోయింది, సీడీ మాత్రం తళతళలాడింది. పెట్టి చూద్దామంటే ఇప్పుడు సీడీ డ్రైవు ఎవరింట్లో ఉంది? పాత ఆటలమ్మే జీఓజీ సైట్లో కొనేశా, స్టీమ్ అనే ఆటల సైట్లోనూ దొరుకుతుంది. ఇరవై రెండేళ్ల బాకీ అలా తీరింది. పాత ఆట పెద్ద స్క్రీను మీద చిన్నగా కనబడుతుంటే అభిమానులు చేసిన వైడ్‌స్క్రీన్ ప్యాచ్ ఉంది, వేసుకోండి.

ఇక మీ పాకల సంగతి. నాకూ మొదటి వారంలో ఇదే జరిగింది. బజారు వెనక వీధిలో ఎనిమిది ఇళ్లు. కుండలు అందగానే పైకి లేచేవి, కాసేపటికి మళ్ళీ కూలేవి. గాదె నిండా ధాన్యముంది, బజార్లో సరుకుంది. మరి ఇళ్లకెందుకు అందట్లేదు? చిన్నప్పుడైతే ఇంకో బజారు కట్టేసేవాణ్ణి. దానికి మనుషులు కావాలి, వాళ్లకి జీతాలు కావాలి, అప్పు పెరిగేది, ఇళ్లు మాత్రం కూలుతూనే ఉండేవి. ఈసారి స్పీడు ముప్పైకి దింపి, బజార్లోంచి బయటికొచ్చిన ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నా.

బజారుకి ఇద్దరు ఆడవాళ్లుంటారు. ఒకావిడ గాదెకో గోదాముకో వెళ్లి సరుకు తెస్తుంది, వెనకాలే బుట్టలు మోస్తూ పిల్లలు. ఈవిడకి ఎక్కడికెళ్లాలో తెలుసు, సూటిగా వెళ్లొస్తుంది. రెండో ఆవిడ వీధులు తిరిగి ఇళ్లకి పంచుతుంది. ఈవిడకి మాత్రం దారంటూ లేదు. నాలుగు రోడ్ల కూడలికి వస్తే ఎటు బుద్ధి పుడితే అటు. నేను చూస్తుండగా కూడలికొచ్చి ఎడమకి తిరిగింది. అటు ఇళ్లు లేవు, నది ఒడ్డున కుండలకి మట్టి తవ్వే గుంటలు. తాపీగా చివరిదాకా నడిచి, తాపీగా వెనక్కొచ్చి బజార్లోకి వెళ్లిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఎడమకే. మూడోసారి కుడికి తిరిగి ఇళ్లవైపు వెళ్లేసరికి అక్కడ కుండలు అయిపోయి రెండిళ్లు అప్పటికే దిగజారాయి. మనుషుల మీద రైట్ క్లిక్ చేస్తే మాట్లాడతారు, గుర్తుందిగా? క్లిక్ చేశా. ఏదో గొణిగింది గానీ దారి తప్పానని మాత్రం ఒప్పుకోలేదు.

ఇరవై రెండేళ్లుగా నాకు అంతుబట్టని జబ్బు ఇదే. వంద స్పీడులో ఆవిడ ఓ చుక్కలా సర్రున పోతుంది, మనకి కనబడేది కూలిన ఇల్లొక్కటే.

దీనికి మందు రోడ్ బ్లాక్. సీజర్ 3లో ఇది లేదు, ఫారోలో ఇచ్చారు. ఎలా పనిచేస్తుందో మన దసరాతో పోల్చి చెప్తా. మూలా నక్షత్రం రోజు బెజవాడ దుర్గమ్మ కొండ కింద బారికేడ్లు పెడతారు కదా. డ్యూటీ పాసున్నవాణ్ణి వదులుతారు, ఊరికే తిరిగేవాణ్ణి వెనక్కి పంపుతారు. ఇదీ అంతే. సరుకు తేవడానికి వెళ్లే మనిషి రోడ్ బ్లాక్ దాటి పోతుంది, గమ్యం లేకుండా తిరిగే మనిషి వెనుదిరుగుతుంది. మట్టి గుంటల దారి మొదట్లో ఒకటి పెట్టా. ఎనిమిదిళ్లూ నిలబడ్డాయి.

నిలబడ్డాయని మురిసిపోయేలోపు మట్టి గుంటలు ఆగిపోయాయి. పనివాళ్లు లేరట! ఊళ్లో చూస్తే వందమంది ఖాళీగా ఉన్నారు. విషయమేంటంటే, ఈ ఆటలో ప్రతి పనిచోటు నుంచీ కూలీల కోసం ఒక మనిషి బయల్దేరతాడు. వాడు ఇళ్ల పక్కనుంచి నడిస్తేనే ఆ చోటికి పనివాళ్లు దొరికినట్టు లెక్క. వాడూ గమ్యం లేకుండా తిరిగేవాడే. నా రోడ్ బ్లాక్ వాణ్ణి గుంటల వైపే ఆపేసింది. గుంటల పక్కనే ఓ రెండు పాకలు, ఒక బావి వేశా. వాడికి ఇళ్లు కనబడ్డాయి, గుంటలు మళ్ళీ నడిచాయి. ఆ రెండు పాకలూ జన్మలో పైకి లేవవు, అది వేరే సంగతి. అటువైపు మంటలార్పే మనిషి కూడా తిరగాలని మర్చిపోయి ఒకసారి రెండూ తగలబెట్టుకున్నా. మీరు మర్చిపోకండి.

నిదానంగా ఆడితే ఇలాంటివి కనబడతాయి. మీ ఊరు పాకల దగ్గర ఆగిందంటే, రాసిస్తా, ఎక్కడో ఒక కూడలిలో ఎవరో రోజూ తప్పు దారిలో వెళ్తున్నారు.

రెండో తప్పు పొలాలు. ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన ఒకప్పుడు తోట్లవల్లూరు దగ్గర లంకల్లో కౌలుకి అరటి, పసుపు వేసినాయన. వరద తర్వాత మోకాళ్ల నొప్పులు పెరిగి ఇంట్లోంచి కదలట్లేదు. నేను ఆడుతుంటే ఓ సాయంత్రం వెనకొచ్చి నుంచున్నారు. నది పక్కన నల్లగా ఉన్న నేల చూసి, “ఏంట్రా, ఇవి లంక పొలాలా?” అన్నారు.

అవునంటే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆటలో నైలు ఏడాదికోసారి పొంగి ఆ నేలంతా మునుగుతుంది, దిగేటప్పుడు ఒండ్రు వదిలి పోతుంది, ఆ ఒండ్రు మీదే పంట. వరద రాబోయే ముందు కోత. ధాన్యం గాదెకి ఏడాదికి ఒక్కసారే వస్తుంది, కాబట్టి ఏ తప్పు చేసినా మళ్ళీ ఏడాది దాకా దిద్దుకునే వీల్లేదు. నేను చేసిన తప్పు: ఆరు పొలాలు వేసి, కూలీలు బయల్దేరే వర్క్ క్యాంపు ఒక్కటే కట్టా. రెండు పొలాల్లోకి మనుషులు దిగారు, నాలుగు బీడు. నాకు అది తట్టనే లేదు. నాన్నే వేలు పెట్టి చూపించి, “ఆ నాలుగింట్లో మనుషులేరీ? నాట్లెవరేస్తారు, మీ తాతా?” అన్నారు.

వరద ఎంత వస్తుందో పూజారులు ముందే చెప్తారని చూపిస్తే ఇంకా హుషారొచ్చింది. అది ఆట కోసం కల్పించిందేం కాదు. నది మట్టం కొలవడానికి ఈజిప్టులో నిజంగానే రాతి మెట్ల మీదా స్తంభాల మీదా గీతలు పెట్టుకున్నారు. కైరోలో రోడా దీవి మీద క్రీ.శ. 861లో కట్టిన కొలమానం ఇప్పటికీ ఉంది. నీళ్లు బాగా వస్తే పంట బాగుంటుంది, పన్నులూ ఆ లెక్కనే. నాన్నకి మాత్రం ఇదంతా బ్యారేజీ భాషలోనే అర్థమైంది. పూజారుల కబురు రాగానే “మొదటి ప్రమాద హెచ్చరికా? రెండోదా?” అని అడిగేవారు. మంచి వరదని సందేశం వస్తే ప్రమాదం కాదు నాన్నా, పండగ అంటే, “అదృష్టవంతులు” అన్నారు.

“అక్కడంతా ఇసకేగా, వాన పడదుగా, మరి నీళ్లెక్కణ్ణుంచి?” అని ఇంకో రోజు ప్రశ్న. ఇథియోపియా కొండల మీద వానాకాలంలో పడే వాన అని చెప్పా. మనకి ఇక్కడ చినుకు లేకపోయినా మహాబలేశ్వరం వైపు కురిస్తే బ్యారేజీ గేట్లెత్తుతారే, అలాగ. 1970లో ఆస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక అసలు నైలు వరదే ఆగిపోయిందని, ఒండ్రంతా పైన చెరువులోనే పేరుకుంటోందని కూడా చెప్పా. కాసేపు ఆలోచించి, “అయితే వాళ్లూ ఎరువు కట్టలు కొనుక్కోవాల్సిందే” అన్నారు. నిజంగా జరిగిందీ అదే.

పిరమిడ్ సంగతి ఎక్కువ రాయను, మీరే చూడండి. ఒక్కటే చెప్తా: పొలం పనులు లేని రోజుల్లో అదే కూలీలు రాళ్లు లాగడానికి పోతారు. కాబట్టి వర్క్ క్యాంపులు పొలాల లెక్కకి ఒకటో రెండో ఎక్కువే ఉంచుకోండి. స్లెడ్జి మీద, అంటే చక్రాల్లేని బండి మీద, రాయి పెట్టి జట్టుగా లాక్కుంటూ గోదాము నుంచి వస్తుంటే ఆ ఒక్క రాయి చేరడానికే నేను ఓ టీ తాగేసేవాణ్ణి. నా మెట్ల పిరమిడ్‌కి దాదాపు నెలన్నర పట్టింది, రోజుకో గంట చొప్పున.

2023లో వచ్చిన కొత్త రూపం, ‘ఫారో: ఎ న్యూ ఎరా’ కొనాలా అంటారా? ఫ్రాన్స్‌కి చెందిన ట్రిస్కెల్ ఇంటరాక్టివ్ చేసింది, డాటెము విడుదల చేసింది. బొమ్మలు కొత్తగా గీశారు, పెద్ద స్క్రీను మీద కళ్లకి హాయిగా ఉంటుంది. కూలీల కోసం మనిషి తిరగనక్కర్లేకుండా ఊరందరినీ ఒకే లెక్కలో వేసే వీలు కూడా ఉంది. ఆఫీసు నుంచి అలిసొచ్చి ఆడేవాళ్లకి అది సుఖమే. నేను పది రోజులాడి పాతదానికే వచ్చేశా. పాకలెందుకు లేవట్లేదో బుర్ర గోక్కుంటూ వెతకడంలోనే నాకు మజా ఉంది, అదే తీసేస్తే చూడముచ్చటైన బొమ్మల కొలువు మిగులుతుంది. ఇది నా పిచ్చి, మీకలా అనిపించకపోవచ్చు. సంగీతం విషయంలో మాత్రం వాదనకి సిద్ధం: కీత్ జిజ్జా చేసిన పాత సంగీతం ముందు ఏదీ నిలవదు.

మీరు రెండు గంటల్లో ఊరు లేవాలనుకుంటే లేవదు. రోజుకి ముప్పావు గంట పెట్టుకోండి, స్పీడు నలభై దాటనివ్వకండి, కొత్తగా ఏదన్నా కట్టేముందు ఇదివరకు కట్టినదాన్లోంచి వచ్చే మనిషి ఎటు పోతున్నాడో ఒక చుట్టు చూడండి. సేవ్ మాత్రం రెండు మూడు పేర్లతో చేసుకోండి. కరెంటు అప్పట్లా పోవట్లేదులెండి, అయినా అలవాటు.

ప్రస్తుతం మా ఇంట్లో ఇంకో ఊరు నడుస్తోంది. పొలాలెన్ని వెయ్యాలో నాన్న చెప్తారు, రోడ్లు నావి. నిన్న రాత్రి పడుకోబోతూ పక్క గదిలోంచి “నీళ్లు దిగాయా?” అని అరిచారు. ఇంకా లేదన్నా.

వీలైతే మీ ఊరి స్క్రీన్‌షాట్ ఒకటి కింద పెట్టండి. బజారు ఏ కూడలిలో ఉందో చూసి చెప్తా.