కొలెస్ట్రాల్ తగ్గిందని మురిసిపోకు

అమ్మలూ,

మీ నాన్న రిపోర్టు ఫోటోలు చూశాను. కిందటేడు 190 ఉన్న కొలెస్ట్రాల్ ఇప్పుడు 104కి దిగిందని, నూనె తగ్గించిన ఫలితం దక్కిందని ఎంత సంబరంగా రాశావో! దాని మీద నీళ్లు చల్లాలని కాదు గానీ, సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బు) ఉన్న మనిషి దగ్గర ఈ లెక్క తిరగబడుతుందమ్మా.

రక్తంలో కొలెస్ట్రాల్ చాలావరకు తిండిలోంచి వచ్చేది కాదు, ఒంట్లోనే తయారవుతుంది, అందులో లివర్‌ది పెద్ద వాటా. ఆ కొవ్వును మోసుకెళ్లే ప్రోటీన్లు కూడా ముఖ్యంగా అక్కడివే. లివర్‌లో మచ్చలు పెరిగి, పనిచేసే కణాలు తగ్గేకొద్దీ ఈ తయారీ కుంటుపడి మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ (చెడ్డదనేది), హెచ్‌డీఎల్ (మంచిదనేది) మూడూ దిగిపోతుంటాయి. లివర్ తయారుచేసే అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గితే ఎందుకు కంగారుపడతామో ఇక్కడా అందుకే పడాలి. నాకీ జబ్బు బయటపడిన కొత్తలో నేనూ ఇలాంటి కాగితమే కనిపించిన ప్రతివాడికీ చూపించుకు తిరిగాను, ఆ తర్వాత కాళ్లు వాచి పొట్టలో నీరు చేరాక గానీ బుద్ధి రాలేదు.

కాబట్టి ఒక్క అంకె చూసి సంతోషమూ వద్దు, టెన్షనూ వద్దు. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి, కొలెస్ట్రాల్ పక్కనే బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), అల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే లెక్క) రాసుకో. ఈ మూడింటికి పొట్టలో నీరు, మతి తడబాటు కూడా కలిపి డాక్టర్లు జబ్బు ఎంత ముదిరిందో చెప్పే చైల్డ్-ప్యూ స్కోరు వేస్తారు, 5-6 వస్తే ఏ (తక్కువ తీవ్రత), 7-9 అయితే బీ, 10 నుంచి 15 దాకా సీ (బాగా ముదిరినట్టు). అందులో కొలెస్ట్రాల్‌కి చోటు లేదు, కానీ స్కోరు పెరిగేకొద్దీ అది పడిపోతూ కనిపించడం మామూలే. అన్నీ చెడు వైపే జారుతుంటే ఆలస్యం చేయకు.

అయితే లివర్ జబ్బులన్నీ ఒకటి కాదు. పైత్యరసం సరిగ్గా బయటికి పోని జబ్బుల్లో కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, ఫ్యాటీ లివర్ మొదట్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుంటాయి. సరిగ్గా తినకపోయినా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా కొలెస్ట్రాల్ తగ్గొచ్చు. అందుకే మీ నాన్నకి అసలు ఏ కారణంతో వచ్చిందో ముందు అడుగు.

ఆయన వేసుకునే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) సంగతి కూడా. తగ్గింది కదా అని మీరే ఆపేయకండి. జబ్బు తొలి దశలో ఉంటే సాధారణంగా వాడనిస్తారు, ముదిరితే డోసు తగ్గిస్తారు లేదా మానిపిస్తారు, కాబట్టి ఈ కొత్త రిపోర్టు చూపించి సూటిగా అడుగు.

ఇక ఆ పత్యం పేరుతో ఆయన్ని మాడ్చడం మానెయ్. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలి, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినాల్సిందే, ఖాళీ కడుపుతో తెల్లారేసరికి ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. ఉప్పు విషయంలో మాత్రం జాలి చూపకు.

నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మాట తేడా, వీటిలో ఏది కనిపించినా నాకు ఫోన్ చేసి అడగొద్దు, నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్లు.

అన్నట్టు నువ్వు పంపిన ఫోటోల్లో ఐఎన్ఆర్ ఉన్న పేజీ లేదు. అది వెతికి ఇవాళే పంపు.

మావయ్య