చిల్లర బుద్ధి దెయ్యాలు మూడో ఎపిసోడ్‌కే ఎందుకు విసుగు పుట్టిస్తున్నాయి?

అడిగిన ప్రశ్న ఇది: "నరకంలో పనిచేసే క్రూరమైన, చిల్లర బుద్ధి దెయ్యాలే విలన్లుగా మూడేసి నిమిషాల యానిమేషన్ వెబ్ సిరీస్ చేస్తున్నాం. మొదటి ఎపిసోడ్‌కి బాగా నవ్వారు. మూడోదానికి వచ్చేసరికి అరుపులు తప్ప ఏమీ లేవంటున్నారు. బొమ్మల నాణ్యత పెంచాలా, విలన్‌కి ఒక బాధాకరమైన గతం పెట్టాలా?"

రెండూ వద్దు. గతమైతే అసలే వద్దు.

ఊరిని తగలబెట్టే దెయ్యాన్ని చూసి ఎవరూ నవ్వరు, ఎవరూ భయపడరు కూడా. అంత శక్తి ఉన్న దెయ్యం తన బల్ల మీది వస్తువును ఎవరో కాస్త జరిపారని పొద్దంతా కుతకుతలాడితే నవ్వొస్తుంది. ఆ కోపం ఏ పాపం ఎరగని వాడి నెత్తిన పడితే ఆ నవ్వే చేదవుతుంది. ఈ రకం సిరీస్‌లో పట్టు అంతా ఆ నవ్వుకీ ఆ చేదుకీ మధ్య ఉండే నాలుగైదు సెకన్లలోనే ఉంటుంది. మీరు ఆ సెకన్లను అరుపులతోనూ పొగతోనూ నింపేస్తున్నారు.

ఒక దృశ్యం తీసుకుందాం. ఆత్మల పద్దులు రాసే గుమాస్తా దెయ్యం. ఎదురుగా వరసలో నిలబడ్డ ముసలి ఆత్మ. బల్ల మీద శిక్ష వేసే ముద్ర. పైఅధికారి వెళ్తూ వెళ్తూ ఆ ముద్రను అంగుళం ఎడమకి జరిపి పోయాడు. అంతే, ఇంక కథేం లేదు. సెకనుకు 24 ఫ్రేముల (తెర మీద ఒకదాని వెంట ఒకటి పడే నిశ్చల చిత్రాల) లెక్కన దీన్ని ఇలా పంచండి.

దెయ్యం కళ్ళు ముద్ర మీదకి జారడానికి 4 ఫ్రేములు, ఆ చూపు ఆగి ఉండటానికి 18. చెయ్యి ముద్ర దాకా వెళ్ళడానికి 20, అంటే ఒక్కో డ్రాయింగ్ రెండేసి ఫ్రేములు పెడితే 10 డ్రాయింగులు. ముద్రను కుడికి సర్దడం మూడు తోపుల్లో జరగాలి. ఒక్కో తోపుకి 2 ఫ్రేముల కదలిక, 8 ఫ్రేముల ఆగుడు, మొత్తం 30. అప్పుడు ముసలాయన "అయ్యా, నా వంతేనా?" అంటాడు, 24. దెయ్యం కళ్ళు పైకి లేవడానికి 3, ఆయన్నే చూస్తూ ఉండటానికి 30. ముద్ర పైకి ఎత్తడానికి 16, పైన ఆపడానికి 6, కిందకి రెండే రెండు: ఒకటి వేగం కనపడేలా సాగదీసిన బొమ్మ (స్మియర్), ఒకటి దెబ్బ. బల్ల అదరడానికి 4. తరవాత కట్ చేసి ముసలాయన ముఖం మీద 36. కాగితం మీద "మరో వెయ్యేళ్ళు" అని పడిందన్న సంగతి ఆ ముఖం మీదే తెలియాలి, కాగితం చూపించక్కర్లేదు.

మొత్తం 193 ఫ్రేములు, ఎనిమిది సెకన్లు. అన్నీ టూస్ మీద, అంటే ఒక్కో డ్రాయింగ్ రెండేసి ఫ్రేములు ఉంచుతూ కదిలిస్తే 96 పైచిలుకు డ్రాయింగులు కావాలి. ఇక్కడ దాదాపు 40తో సరిపోతుంది, అందులోనూ 12 ఒట్టి నోళ్ళు. ఎక్కువ గీస్తే బాగుంటుందనే నమ్మకం ఈ రకం కథల్లో తప్పు. ఎక్కడ ఆపాలో తెలిస్తే బాగుంటుంది.

ఇందులో చెడిపోయే చోట్లు మూడు. ముద్ర సర్దే మూడు తోపుల్నీ కలిపి ఒకే జారుడుగా చేస్తారు. అప్పుడు అది ఒట్టి సర్దడమే అవుతుంది. అల్పత్వం ఉన్నది మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవడంలో. మూడో తోపు అన్నిటికన్నా చిన్నదిగా, వెంట్రుకవాసి ఉండాలి. రెండో తప్పు, ముద్రను ఎత్తడానికీ దించడానికీ సమానంగా సమయం ఇవ్వడం. నెమ్మదిగా లేచి, కనిపించకుండా పడితేనే దానికి బరువు వస్తుంది. మూడోది ఆ 30 ఫ్రేముల చూపు. బొమ్మ చచ్చినట్టు ఉందని భయపడి, మూడు డ్రాయింగులు తిప్పుతూ గీతల్ని వణికిస్తారు. ఆ వణుకు ముసలాయనకి ఇవ్వండి, ఒక్కో డ్రాయింగ్ నాలుగేసి ఫ్రేములు. దెయ్యం మాత్రం రాయిలా ఉండాలి, రెప్ప కూడా వెయ్యకూడదు. ఒకే షాట్‌లో ఒకరు వణుకుతూ ఇంకొకరు కదలకుండా ఉంటే, ఎవరి చేతిలో ఎవరున్నారో మాట లేకుండానే తెలిసిపోతుంది.

ఇక మూడో ఎపిసోడ్‌కే విసుగెందుకు? మీ విలన్ ఏదైనా చెయ్యగలడు కాబట్టి. ఏదైనా చెయ్యగలిగేవాడికి చిల్లరగా ఉండాల్సిన అవసరం ఏముంది? పైవాణ్ణి ఏమీ అనలేనివాడే కిందివాడి మీద విరుచుకుపడతాడు. అందుకని శక్తికి హద్దులు రాసుకోండి. గుమాస్తా దెయ్యం శిక్ష పెంచగలడు, తగ్గించలేడు. తనకన్నా కొమ్ములు పొడుగున్న వాళ్ళకి ఎదురు చెప్పలేడు. బల్ల దాటి వస్తే మంత్రం పనిచెయ్యదు. ఇలాంటివి మూడు చాలు, వాటిని ఏ ఎపిసోడ్‌లోనూ తప్పకూడదు. ఆ పైన ప్రతి ఎపిసోడ్‌కీ ఒక కాగితం మీద మూడు ముక్కలు రాయండి: అవమానం ఎవరు చేశారు, ఏ వస్తువు వల్ల, చివరికి ఎవరి మీద పడింది. మూడు ఎపిసోడ్లలోనూ ఈ ముక్కలు ఒకేలా ఉంటే చూసేవాళ్ళకి విసుగు రాక ఏమొస్తుంది? వస్తువు మారాలి, కోపం దిగే దారి మారాలి. ఒకసారి అది తిరిగి తిరిగి చేసినవాడి మీదికే రావచ్చు.

బాధాకరమైన గతం గురించి గట్టిగానే చెప్తాను. చిన్నప్పుడు వాడినెవరో ఏడిపించారని ఫ్లాష్‌బ్యాక్ పెట్టిన మరుక్షణం, ముద్ర జరిగినందుకు వచ్చిన కోపానికి ఒక న్యాయం దొరికిపోతుంది. న్యాయం దొరికిన కోపం చిల్లరది కాదు. సానుభూతి కావాలంటే ముసలాయన వైపు కట్టండి, బాధితుడికి ఒక పేరూ, ఒక అలవాటూ, ఒక ముఖమూ ఇవ్వండి. బాధితుడు ఒట్టి నీడబొమ్మ అయితే క్రూరత్వం ఎంత పెంచినా తగలదు.

బొమ్మల సంగతి. దెయ్యం అనగానే కోటు, కోటుకి గుండీలు, టోపీ మీద ఇంకో కన్ను, చారలు, గొలుసులు. మూడు నిమిషాలంటే టూస్ మీద 2,160 డ్రాయింగులు. కోటుకి 20 గుండీలుంటే 43,200 గుండీలు గియ్యాలి. నరకంలో నడిచే అమెరికన్ యానిమేషన్ సిరీస్ హజ్బిన్ హోటల్ చూసి చాలామంది అలాంటి అలంకారమే కావాలనుకుంటారు. దాని పైలట్ (నమూనాగా చేసే తొలి ఎపిసోడ్) 2019 అక్టోబరు 28న యూట్యూబులో వచ్చింది, మొదటి సీజన్ ప్రైమ్ వీడియోలో మొదలైంది 2024 జనవరి 19న. ఆ పైలట్ వెనక పేట్రియాన్ అనే వెబ్‌సైటు ద్వారా అభిమానులిచ్చిన చందాలున్నాయి, చాలామంది యానిమేటర్ల చేతులున్నాయి. ముగ్గురు నలుగురు చేసే సిరీస్‌కి ఆ చారల కోటు గుదిబండ. ఒక ఆకారం, రెండు రంగులు, ఒక గుర్తు పెట్టుకోండి. పాత్రను మొత్తం నల్లగా నింపి చూడండి, ఎవరో పోల్చుకోగలిగితే డిజైన్ అయినట్టే. ఇంకో మాట, నరకమంటే ఎరుపు నేపథ్యం, అందులో ఎర్ర దెయ్యం వద్దు. ఫ్రేమును బూడిద రంగులోకి మార్చి చూస్తే ఆ రెండూ కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి. నేపథ్యం ముదురైతే ముఖం లేతగా ఉండాలి.

గొంతు ముందు, బొమ్మ తరవాత. తుది గొంతు లేకపోతే ఎవరిదైనా తాత్కాలిక గొంతుతోనైనా యానిమాటిక్ (కచ్చా బొమ్మల్ని గొంతుకి తగ్గట్టు పేర్చిన నమూనా వీడియో) కట్టి, నిడివి తేలాకే గీత మొదలుపెట్టాలి. మైకుకి జానెడు దూరంలో, శబ్దం శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా రికార్డు చెయ్యండి. ప్రతి డైలాగూ రెండుసార్లు చెప్పించండి, రెండోసారి సగం గొంతుతో. తొంభై పాళ్ళు ఆ రెండోదే పనికొస్తుంది. అధికారం చేతిలో ఉన్నవాడు అరవాల్సిన పని లేదు.

తెలుగు డైలాగుకి పెదవులు కలపడంలో ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరిచే ఆగుతుంది. ప్రతి మాట చివరా నోరు టక్కున మూసేస్తే పాత్ర మాట్లాడుతున్నట్టు కాక ఏదో నములుతున్నట్టు ఉంటుంది. ప, బ, మ దగ్గర మాత్రం పెదవులు తప్పకుండా కలవాలి, కనీసం రెండు ఫ్రేములు. వ, ఫ దగ్గర కింది పెదవి పళ్ళకి తాకాలి. ట, డ, ళ లాంటివి లోపల నాలుక పని, వాటికి వేరే నోరు గియ్యక్కర్లేదు. నోటి ఆకారం శబ్దం కన్నా ఒక ఫ్రేము ముందుంటే కంటికి సరిగ్గా కలిసినట్టు కనిపిస్తుంది, వెనకపడితే డబ్బింగులా ఉంటుంది. ఎనిమిది తొమ్మిది నోళ్ళతో సిరీస్ మొత్తం నడిపించవచ్చు.

శబ్దంలో మొట్టమొదట తీసెయ్యాల్సింది అడుగున ఆగకుండా మోగే సంగీతం. ముద్ర సర్దేటప్పుడు చెక్క మీద గీసుకున్న చప్పుడు వినపడాలి. అలాగని మౌనంలో ట్రాకును పూర్తిగా ఖాళీ చెయ్యకండి, ఫోను పాడైందనుకుంటారు. గది హోరు సన్నగా ఉంచండి. మొత్తం ధ్వనిని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే సగటు గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర, శిఖరం మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉంచితే యూట్యూబు దాన్ని తగ్గించే పని పడదు. గట్టిగా వినపడాలని అంతా కంప్రెస్ చేసేస్తే, అంటే చిన్న చప్పుళ్ళకీ పెద్ద చప్పుళ్ళకీ తేడా తగ్గించేస్తే, ముద్ర దెబ్బ కూడా మాటలంత చప్పుడే చేస్తుంది, ఆ ఎనిమిది సెకన్ల కష్టం వృథా.

మూడో ఎపిసోడ్‌ని పారెయ్యకండి. ఉన్న ఫైలునే తెరిచి, విలన్ అరిచే మొదటి చోట డైలాగు, సంగీతం రెండూ తీసెయ్యండి. దానికి ముందున్న బొమ్మను 30 ఫ్రేములు ఆపండి. ఓపెన్‌టూంజ్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆ గడిని కిందకి లాగడమే పని, కొత్తగా ఒక్క గీత కూడా అక్కర్లేదు. దాని తరవాత బాధితుడి ముఖం మీద 36 ఫ్రేములు పెట్టి, వాడు ఏడవడానికి ముందే కట్ చెయ్యండి. కథ తెలియని ఇద్దరికి ఆ పది సెకన్లే చూపించి, వాడికి ఎందుకు కోపం వచ్చిందో అడగండి. వాళ్ళు వస్తువు పేరు చెప్పలేకపోతే లోపం డ్రాయింగులో లేదు, ఆ వస్తువును ముందు షాట్‌లో ఒంటరిగా చూపించలేదన్నమాట. ఆ వస్తువు ఒక్కటే కనిపించే షాట్ 24 ఫ్రేములు చేర్చి, మళ్ళీ అడగండి.